విల్సన్ పలాసియోస్: లా సెయ్‌బా నుంచి ప్రీమియర్ లీగ్ దాకా, ఆ కెరీర్‌ని ఎలా చూడాలి?

పెన్నా_తీరం:
మొన్న డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ల చర్చలో విల్సన్ పలాసియోస్ పేరు వచ్చింది. వచ్చిన జవాబులన్నీ రెండే విషయాల మీద. ఒకటి, 2014 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ మీద రెడ్ కార్డు. రెండోది, తమ్ముడి కిడ్నాప్. ఆట గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నాకు బాధనిపించింది. అందుకే విడిగా ఈ చర్చ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. పుట్టింది 1984లో, హోండురస్ ఉత్తర తీరంలోని లా సెయ్‌బాలో. రాజధాని తెగుసిగల్పా క్లబ్ ఒలింపియాలో పేరు తెచ్చుకున్నాడు. 2007లో లోన్ మీద బర్మింగ్‌హామ్ సిటీకి, 2008 జనవరిలో విగాన్‌కి, 2009 జనవరిలో టోటెన్‌హామ్‌కి, 2011 ఆగస్టు చివరి రోజున స్టోక్‌కి వెళ్లాడు. 2015లో స్టోక్ వదిలేశాక అమెరికాలో మయామీ ఎఫ్‌సీకి ఆడాడు. దేశం తరఫున వందకు దగ్గరగా మ్యాచ్‌లు, రెండు ప్రపంచ కప్‌లు.

ఇంగ్లండ్‌లో అతన్ని ఒకటిన్నర సీజన్ మెరిసి తర్వాత మరుగున పడినవాడిగా చూస్తారు. నేను ఒప్పుకోను. హోండురస్ లీగ్ నుంచి వచ్చినవాడు పద్దెనిమిది నెలలు తిరగకుండానే టోటెన్‌హామ్ మిడ్‌ఫీల్డ్‌లో నిలబడటం ఎంత పెద్ద విషయమో, అక్కడి నుంచి చూస్తేనే తెలుస్తుంది. మీరేమంటారు?

లిల్లీవైట్_రాఘవ:
నేను స్పర్స్ (టోటెన్‌హామ్‌ని అలాగే పిలుస్తారు) అభిమానిని, అప్పట్లో లండన్‌లోనే ఉన్నాను. కాబట్టి ఆట సంగతి నేను చెబుతాను.

2008 అక్టోబర్‌లో మా పరిస్థితి ఎనిమిది మ్యాచ్‌లకు రెండు పాయింట్లు. మేనేజర్ రామోస్‌ని తీసేసి హ్యారీ రెడ్‌నాప్‌ని తెచ్చారు. జనవరి వచ్చేసరికి కూడా కింద డివిజన్‌కి పడిపోతామన్న టెన్షన్ పోలేదు. మిడ్‌ఫీల్డ్‌లో మోడ్రిచ్ ఉన్నాడు, జీనాస్ ఉన్నాడు, జొకోరా ఉన్నాడు. కానీ ఎదుటివాళ్ల కాళ్ల దగ్గర నుంచి బాల్ లాక్కునేవాడు ఒక్కడూ లేడు. మోడ్రిచ్ బాల్ పోగొట్టుకుంటే వెనక డిఫెన్స్ మొత్తం తెరుచుకునేది.

పలాసియోస్ వచ్చిన మొదటి వారాల్లోనే ఆ ఖాళీ నిండింది. అతని ట్యాకిల్ చూడటానికి గొప్పగా ఉండేది కాదు. నేలమీద జారుతూ వెళ్లి కొట్టే రకం కాదు. ఎదుటివాడు బాల్‌ని కాలితో ఆపే ఆ అరక్షణంలో పక్కనుంచి భుజం పెట్టి దూరేవాడు. తీసుకున్నాక హీరోగా కనపడాలన్న తాపత్రయం లేదు. పది గజాల లోపు ఎవరుంటే వాళ్లకి ఇచ్చేసేవాడు, చాలాసార్లు మోడ్రిచ్‌కే. ఆ సీజన్‌లో ఎనిమిదో స్థానంలో ముగించాం. అందులో అతని పాత్ర ఎంతో ఉంది.

తర్వాతి సీజన్ 2009 ఆగస్టులో హల్ సిటీ మీద 5-1తో గెలిచాం. డెఫో హ్యాట్రిక్ అందరికీ గుర్తుంటుంది. అదే మ్యాచ్‌లో పలాసియోస్ కూడా గోల్ కొట్టాడు. ఆ సీజన్ చివర్లో మాంచెస్టర్ సిటీ మైదానంలో క్రౌచ్ హెడర్‌తో గెలిచి నాలుగో స్థానం, ఛాంపియన్స్ లీగ్ అర్హత తెచ్చుకున్నాం. లీగ్ మ్యాచ్‌ల్లో చాలావాటిలో మిడ్‌ఫీల్డ్ భారం మోసింది అతనూ, హడిల్‌స్టోనూ.

కొత్త_అభిమాని:
అన్నా, ఒక డౌట్. హోండురస్ లీగ్‌లో ఆడేవాడు నేరుగా ఇంగ్లండ్ ఎలా వచ్చాడు? స్కౌట్లు అక్కడిదాకా వెళ్తారా?

పెన్నా_తీరం:
మంచి ప్రశ్న. దీని వెనక ఆర్సెన్ వెంగర్ ఉన్నాడు. 2007 వేసవిలో పలాసియోస్ ఆర్సెనల్‌లో ట్రయల్‌కి వచ్చాడు. ఆర్సెనల్ తీసుకోలేదు. కానీ వెంగర్ అతన్ని అలా వదిలేయకుండా, అప్పుడు బర్మింగ్‌హామ్ మేనేజర్‌గా ఉన్న స్టీవ్ బ్రూస్‌కి సిఫారసు చేశాడు. బ్రూస్ లోన్ మీద తెచ్చుకున్నాడు. నవంబర్‌లో బ్రూస్ విగాన్‌కి మారాడు. జనవరిలో ఆటగాళ్లు క్లబ్ మారే విండో తెరవగానే సుమారు పది లక్షల పౌండ్లకు పలాసియోస్‌ని విగాన్‌కి తీసుకెళ్లాడు.

బ్రూస్ నమ్మకం ఎంతటిదంటే, అదే జనవరిలో ఒలింపియా నుంచే ఎడమ బ్యాక్ మేనర్ ఫిగెరోవాని కూడా తెచ్చుకున్నాడు. ఒకే క్లబ్ నుంచి ఇద్దరు! తర్వాత 2009లో హెండ్రీ థామస్ కూడా విగాన్‌కే వచ్చాడు.

కాజీపేట_కీపర్:
ఫిగెరోవా గోల్ ఎవరైనా మర్చిపోతారా? 2009 డిసెంబర్, స్టోక్ మైదానం, తన సగం నుంచే ఫ్రీకిక్ తీసి సోరెన్సెన్ తల మీదుగా నెట్‌లోకి పంపాడు. నేను గోల్‌కీపర్‌ని కాబట్టి సోరెన్సెన్ మీద జాలి వేసింది. కానీ ఎదుటి కీపర్ ఎక్కడున్నాడో అంత దూరం నుంచి కనిపెట్టిన ఆ చూపుకి దండం పెట్టాలి.

హ్యూస్టన్_వాసు:
నేనుండే హ్యూస్టన్‌లో హోండురస్ వాళ్లు బాగా ఎక్కువ. 2012లో హోండురస్ ఆటగాడు బోనియెక్ గార్సియా ఇక్కడి క్లబ్ డైనమోకి వచ్చాక స్టేడియంలో నీలం తెలుపు జెండాలు పెరిగిపోయాయి. (పోలండ్ ఆటగాడు బోనియెక్ మీద అభిమానంతో పెట్టిన పేరు అది. అక్కడ ఫుట్‌బాల్ పిచ్చి పిల్లల పేర్లదాకా వెళ్తుంది.) వాళ్లతో మాట్లాడి తెలుసుకున్నదాన్ని బట్టి స్వదేశం వైపు సంగతి కొంచెం చెబుతాను.

లా సెయ్‌బా అరటి వ్యాపారం మీద పెరిగిన ఓడరేవు పట్టణం. స్టాండర్డ్ ఫ్రూట్ కంపెనీ అక్కడి నుంచే ఎదిగింది. ఊళ్లోనే విదా, విక్టోరియా అని రెండు పెద్ద క్లబ్‌లు. ఆ కరీబియన్ తీరం నుంచి, ముఖ్యంగా గరీఫునా సమాజం (ఆఫ్రికన్, కరీబియన్ ఆదివాసీ మూలాలున్నవాళ్లు) నుంచి, జాతీయ జట్టుకి తరతరాలుగా ఆటగాళ్లు వస్తూనే ఉన్నారు. అయితే పేరు, డబ్బు కావాలంటే ఒలింపియా, మొతాగువా, రియల్ ఎస్పాన్యా, మరాథోన్ అనే నాలుగు పెద్ద క్లబ్‌లలో ఒకదానికి వెళ్లాలి. ఒలింపియా 1912 నాటిది, దేశంలో అత్యధిక టైటిళ్లు దానివే. ఏడాదికి అపెర్తురా, క్లౌసురా అని రెండు టోర్నీలు, రెండు ఛాంపియన్లు. అంటే ఆరు నెలలకోసారి ఫైనల్ ఒత్తిడి. కుర్రవాడు ఆ వాతావరణంలో పెరిగితే పెద్ద మ్యాచ్ భయం త్వరగా పోతుంది.

పలాసియోస్ ఇంట్లో అందరూ ఆటగాళ్లే. పెద్దన్న మిల్టన్ జాతీయ జట్టుకి ఆడాడు. జెర్రీ ఫార్వర్డ్. జానీ డిఫెండర్. చిన్నవాడు ఎడ్విన్.

సరిత_మిడ్‌ఫీల్డ్:
ఎడ్విన్ పేరు వచ్చింది కాబట్టి జాగ్రత్తగా మాట్లాడుకుందాం.

2007 అక్టోబర్ చివర్లో ఎడ్విన్‌ని ఇంట్లోంచి ఎత్తుకెళ్లారు. అప్పటికి టీనేజ్ కుర్రవాడు. విల్సన్ ఇంగ్లండ్ వచ్చి కొన్ని నెలలే అయింది, ఇంకా బర్మింగ్‌హామ్‌లోనే ఉన్నాడు. డబ్బు చెల్లించినా పిల్లవాడు తిరిగి రాలేదని అప్పటి వార్తలు చెప్పాయి. 2009 మేలో, ఎవర్టన్‌తో మ్యాచ్ ముందు రోజు రాత్రి, ఎడ్విన్ అవశేషాలు దొరికాయన్న కబురు వచ్చింది. జట్టు బస చేసిన హోటల్లో రెడ్‌నాప్ ఆ మాట అతనికి చెప్పాల్సి వచ్చింది. విల్సన్ ఆ మ్యాచ్ ఆడకుండా ఇంటికి బయలుదేరాడు.

ఇది జరిగింది. చెప్పుకోవాల్సిందే. కానీ చాలామంది ఇక్కడి నుంచి ఒక గీత గీసి, తమ్ముడు పోయాక అతని ఆట పడిపోయిందని తేల్చేస్తారు. తేదీలు చూడండి. కిడ్నాప్ జరిగింది 2007లో. అంటే విగాన్‌లో అదరగొట్టిన ఏడాదంతా, టోటెన్‌హామ్ సుమారు 1.2 కోట్ల పౌండ్లు పెట్టి కొన్న రోజు కూడా, తమ్ముడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో తెలియకుండానే ఆడాడు. కబురు తెలిసింది 2009 మేలో. ఆ తర్వాత సీజన్‌లోనే స్పర్స్ నాలుగో స్థానానికి వెళ్లింది. అందులో లీగ్‌లోనే ముప్పైకి పైగా మ్యాచ్‌లు ఆడాడు. దుఃఖం అతన్ని కూలదోసిందన్న కథకి ఈ తేదీలు పొసగవు.

లిల్లీవైట్_రాఘవ:
సరితగారూ, తేదీలు సరే. కానీ 2009-10 రెండో సగంలో అతను అలసిపోయినట్టు కనపడిన మాట నిజం. ఎల్లో కార్డులు పెరిగాయి. పాస్‌లు తప్పాయి. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్లో పోర్ట్స్‌మౌత్ మీద, ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో డిండాన్‌ని పడేసి పెనాల్టీ ఇచ్చాడు. కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ గోల్ కొట్టాడు, 2-0తో ఓడిపోయాం. నేను ఆ రోజు వెంబ్లీలో ఉన్నాను. మనిషి ఏడాదిన్నర పాటు అంత బరువు మోస్తే కాళ్ల మీద ప్రభావం ఉండదని ఎలా అంటాం?

సరిత_మిడ్‌ఫీల్డ్:
ప్రభావం ఉండదని నేను అనలేదు రాఘవగారూ. లోపల ఏం జరిగిందో మనకు తెలియదు. తెలియనిదాన్ని కారణంగా రాసేయొద్దు అంటున్నాను. ఫుట్‌బాల్ కారణాలు ఎదురుగా కనపడుతున్నాయి.

2010 వేసవిలో ప్రపంచ కప్ ఆడి విశ్రాంతి లేకుండా తిరిగొచ్చాడు. ఆ ఆగస్టులోనే వాన్ డెర్ వార్ట్ వచ్చాడు. దానితో మోడ్రిచ్ మధ్యలోకి స్థిరపడి, కేవలం బాల్ లాక్కునే మనిషికి చోటు ఇరుకైంది. బ్రెజిల్ నుంచి సాండ్రో వచ్చాడు, వయసులో చిన్నవాడు, అదే పని. పలాసియోస్ స్టోక్ వెళ్లిన 2011 ఆగస్టు 31నే స్కాట్ పార్కర్ టోటెన్‌హామ్‌కి వచ్చాడు. క్లబ్ అప్పటికే తర్వాతి మెట్టుకి ఎదిగింది. ఆ మెట్టు ఎక్కించినవాళ్లలో ఒకడైన మనిషికి ఆ పైన చోటు మిగల్లేదు.

స్టోక్‌లో మోకాలు దెబ్బతింది. అక్కడి మేనేజర్ టోనీ పులిస్ ఆటలో బాల్ ఎక్కువగా గాల్లోనే ఉంటుంది. నేల మీద దగ్గరగా బాల్ దోచుకునేవాడికి ఆ పద్ధతిలో పని తక్కువ. మొదటి సీజన్‌లో కాస్త ఆడాడు, ఆ తర్వాత ఎక్కువకాలం బెంచీ మీదో, చికిత్సలోనో గడిచిపోయింది.

కాజీపేట_కీపర్:
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పద్ధతి మారితే మంచి ఆటగాడు కూడా చిన్నగా కనిపిస్తాడు. ఫ్రాన్స్ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ మెకెలెలె ఆడిన చోట అతని చుట్టూ జట్టుని కట్టారు. పలాసియోస్ చుట్టూ ఎవరూ కట్టలేదు.

లెక్కల_మాస్టారు:
నేను ఎప్పుడూ డబ్బు వైపే చూస్తాను, అదొక్కటి చెప్పి వెళ్తాను. విగాన్ పది లక్షల పౌండ్లకు కొని ఏడాదికే సుమారు 1.2 కోట్లకు అమ్మింది. పన్నెండు రెట్లు! ఇందులో అతన్ని తయారు చేసిన హోండురస్ క్లబ్‌లకి ఎంత దక్కింది?

ఫిఫా నిబంధన ప్రకారం ట్రాన్స్‌ఫర్ సొమ్ములో 5 శాతం, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల వయసులో శిక్షణ ఇచ్చిన క్లబ్‌లు పంచుకోవాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఏడాదికి 0.5 శాతం. 1.2 కోట్లలో 5 శాతం అంటే 6 లక్షల పౌండ్లు. హోండురస్ క్లబ్‌లకి అది చిన్న మొత్తం కాదు. ఒక అకాడమీ ఏళ్ల తరబడి నడుస్తుంది.

కానీ చిక్కు ఎక్కడుందంటే, అప్పట్లో ఈ నిబంధన రెండు వేర్వేరు దేశాల సమాఖ్యల మధ్య జరిగే బదిలీలకే వర్తించేది. విగాన్, టోటెన్‌హామ్ రెండూ ఇంగ్లండ్‌వే. కాబట్టి ఆ పెద్ద సొమ్ము మీద నిబంధన కింద హక్కు లేదు. ఒప్పందంలో ఒలింపియా విడిగా వాటా రాయించుకుని ఉంటే అది వేరే సంగతి. విదేశంలో శిక్షణ పొందిన ఆటగాళ్ల విషయంలో దేశీయ బదిలీలకు కూడా దీన్ని వర్తింపజేసింది 2020లో. పదేళ్లకు పైగా ఆలస్యం. ఇది పేద లీగ్‌లకి జరిగిన అన్యాయం అని గట్టిగా నమ్ముతాను.

కొత్త_అభిమాని:
ఇది నాకు అసలు తెలియదు మాస్టారూ. అంటే విగాన్ దేశం దాటించి ఏ స్పెయిన్ క్లబ్‌కో అమ్మి ఉంటే లా సెయ్‌బా, తెగుసిగల్పా క్లబ్‌లకి వాటా వచ్చేదా?

లెక్కల_మాస్టారు:
అవును. అదే ఆటగాడు, అదే ధర, కొన్న క్లబ్ జెండా ఒక్కటే వేరు.

పెన్నా_తీరం:
ఇంకో అడ్డంకి కూడా ఉండేది, వర్క్ పర్మిట్. ఆ రోజుల్లో ఐరోపా బయటి ఆటగాడికి ఇంగ్లండ్‌లో పర్మిట్ రావాలంటే గత రెండేళ్లలో తన దేశం ఆడిన పోటీ మ్యాచ్‌లలో 75 శాతం ఆడి ఉండాలి. పైగా ఆ దేశం ఫిఫా ర్యాంకింగ్‌లో సగటున మొదటి 70లో ఉండాలి. లేదంటే అప్పీల్ ప్యానెల్ ముందు నిరూపించుకోవాలి. మధ్య అమెరికా దేశాలకి ఆ 70 గీత ఎప్పుడూ కత్తి మీద సామే. ఒకడు వెళ్లి నిరూపిస్తేనే తర్వాతివాడికి దారి తేలికవుతుంది.

పలాసియోస్, ఫిగెరోవా నిలబడ్డాకే బ్రిటన్ క్లబ్‌లు ఆ వైపు చూడటం మొదలుపెట్టాయని నా నమ్మకం. 2010లో ఎమీలియో ఇజాగిర్రే సెల్టిక్‌కి వెళ్లి, మొదటి సీజన్‌లోనే స్కాట్లండ్‌లో ఆ ఏటి మేటి ఆటగాడు అనిపించుకున్నాడు. 2013లో విగాన్ ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని ఓడించినప్పుడు రోజర్ ఎస్పినోజా మొదటి పదకొండు మందిలో ఉన్నాడు.

హ్యూస్టన్_వాసు:
దేశం తరఫున ఆట గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు అదే అసలు కథ.

హోండురస్ 1982లో స్పెయిన్‌లో మొదటి ప్రపంచ కప్ ఆడింది. వాలెన్సియాలో ఆతిథ్య జట్టు మీదే ముందు గోల్ కొట్టి 1-1 డ్రా చేసింది. ఉత్తర ఐర్లండ్‌తోనూ 1-1. యుగోస్లావియా మీద చివరి నిమిషాల్లో పెనాల్టీతో ఓడి ఇంటికొచ్చింది. ఆ తర్వాత 28 ఏళ్లు మళ్లీ వెళ్లలేదు. ఒక తరం మొత్తం తండ్రుల నోట ఆ స్పెయిన్ డ్రా కథ వింటూ పెరిగింది.

2009 దగ్గరికి రండి. జూన్ 28న దేశంలో సైనిక తిరుగుబాటు. అధ్యక్షుడు సెలాయాని దేశం దాటించారు. వీధుల్లో కర్ఫ్యూ. ఆ వాతావరణంలో 2010 ప్రపంచ కప్ క్వాలిఫయింగ్ సాగింది. అక్టోబర్ 14న చివరి మ్యాచ్ సాన్ సాల్వదోర్‌లో. 1969లో ఏ దేశంతో నాలుగు రోజుల యుద్ధం జరిగిందో ఆ ఎల్ సాల్వదోర్ మీదే. కార్లోస్ పవోన్ గోల్‌తో 1-0తో గెలిచారు. అయినా చాలదు. వాషింగ్టన్‌లో కోస్టారికా అమెరికా మీద గెలవకూడదు. కోస్టారికా 2-1తో ముందుంది. ఇంజురీ టైమ్‌లో, 95వ నిమిషంలో జోనథన్ బార్న్‌స్టీన్ హెడర్. 2-2. హోండురస్ నేరుగా ప్రపంచ కప్‌కి. ఇక్కడ నాకు తెలిసిన హోండురస్ కుటుంబాల్లో ఆ అమెరికా డిఫెండర్ పేరు ఇప్పటికీ ఎంత ప్రేమగా పలుకుతారో!

2010 దక్షిణాఫ్రికాలో ఇంకో చరిత్ర. గాయపడిన హూలియో సెసార్ దె లెయోన్ స్థానంలో చైనాలో ఆడుతున్న జెర్రీని పిలిచారు. అలా విల్సన్, జానీ, జెర్రీ ముగ్గురూ ఒకే ప్రపంచ కప్ జట్టులో చేరారు. ఒకే జట్టులో ముగ్గురు అన్నదమ్ములు ఉండటం ప్రపంచ కప్ చరిత్రలో అదే మొదటిసారి. చిన్న తమ్ముడిని పోగొట్టుకుని ఏడాది దాటిందో లేదో. ఆ తల్లిదండ్రుల మనసులో ఏముందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాలదు.

ఫలితాలు చెప్పుకోదగ్గవి కావు. చిలీ చేతిలో 0-1, స్పెయిన్ చేతిలో 0-2, స్విట్జర్లండ్‌తో 0-0. ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

కాజీపేట_కీపర్:
2014 సంగతి కూడా చెప్పండి మరి. పోర్టో అలెగ్రే, ఫ్రాన్స్ మ్యాచ్. నేను లైవ్ చూశాను. పోగ్బాతో గొడవపడి ఒక ఎల్లో. 43వ నిమిషంలో పెనాల్టీ బాక్స్‌లో అదే పోగ్బాని వెనక నుంచి గుద్ది రెండోది. పెనాల్టీ బెంజెమా కొట్టాడు. పది మందితో 0-3 ఓటమి. అనుభవం ఉన్న సీనియర్ చేయాల్సిన పని కాదది. నాకు అతనంటే గౌరవం ఉంది, కానీ ఆ ఒక్క విషయంలో మాత్రం జట్టుని ముంచాడు.

పెన్నా_తీరం:
కీపర్ అన్నా, తప్పు తప్పే. దాన్ని నేను కప్పిపుచ్చను. కానీ ఆ మనిషి ఆ టోర్నీకి ఏ స్థితిలో వచ్చాడో చూడాలి. మూడు సీజన్లుగా క్లబ్‌లో నిలకడగా ఆట లేదు. మోకాలు పూర్తిగా సహకరించలేదు. ఎదురుగా 21 ఏళ్ల పోగ్బా. పక్కనుంచి భుజం పెట్టి దూరేవాడికి ఆ అరక్షణం వేగం తగ్గితే, చేరేసరికి బాల్ ఉండదు, మనిషే ఉంటాడు. రాఘవగారు మొదట చెప్పిన అదే ట్యాకిల్ ఆలస్యమైతే ఫౌల్ అవుతుంది. అతను మొరటువాడైతే 2009లోనే అలా ఉండేవాడు.

లిల్లీవైట్_రాఘవ:
ఇది సరైన విశ్లేషణ. 2010 సెమీఫైనల్ పెనాల్టీ కూడా అలాంటిదే, 117వ నిమిషంలో, కాళ్లు అయిపోయాక. రెండిటిలోనూ ఒకే చోట తేడా వచ్చింది, చేరే సమయంలో.

సరిత_మిడ్‌ఫీల్డ్:
ఇంకో విషయం ఇక్కడే చెప్పాలి. ఈ ఆటగాళ్లు విదేశాల్లో సంపాదిస్తున్నారన్న పేరే ఇంట్లోవాళ్లకి ప్రమాదంగా మారిన కాలం అది. 2011, 2012 సంవత్సరాల్లో హోండురస్ హత్యల రేటు ప్రపంచంలోనే అత్యధికం, లక్ష జనాభాకి 85 దాటింది. 2015 డిసెంబర్‌లో, గ్లాస్గో రేంజర్స్‌కి ఆడి తిరిగొచ్చిన ఆర్నోల్డ్ పెరాల్టాని అదే లా సెయ్‌బాలో షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో కాల్చి చంపారు. అతనికి 26 ఏళ్లు.

మనం ఇక్కడ కూర్చుని "అంత జీతం తీసుకుంటూ అలా ఆడటమా" అనేటప్పుడు ఆ జీతం వార్త సొంత ఊళ్లో ఎలా వినపడుతుందో ఆలోచించాలి. స్పెయిన్ నుంచో ఫ్రాన్స్ నుంచో వచ్చినవాడికి లేని బరువు ఇది.

కాజీపేట_కీపర్:
పెరాల్టా సంగతి తెలియదు. దారుణం.

కొత్త_అభిమాని:
మరి హోండురస్ నుంచి వచ్చినవాళ్లలో అందరికన్నా గొప్పవాడు పలాసియోసేనా? డేవిడ్ సువాజో పేరు ఎక్కువగా వింటాను.

హ్యూస్టన్_వాసు:
నన్నడిగితే సువాజోనే, సందేహం లేదు తమ్ముడూ. సాన్ పెద్రో సులా కుర్రవాడు. 1999లో ఇటలీలోని కాలియారీకి వెళ్లాడు, ఎనిమిదేళ్లు అక్కడే ఉన్నాడు. సీరీ బీకి (ఇటలీ రెండో డివిజన్) పడిపోయినా జట్టుని వదల్లేదు, 2004లో జోలాతో కలిసి మళ్లీ పైకి తెచ్చాడు. 2005-06లో సీరీ ఏలో 22 గోల్స్. ఆ ఏడాది ఇటలీలో ఉత్తమ విదేశీ ఆటగాడి బహుమతిని కాకాతో పంచుకున్నాడు. 2007లో మిలాన్ నగరంలోని రెండు క్లబ్‌లూ అతని కోసం పోటీపడ్డాయి, చివరికి ఇంటర్‌కి వెళ్లాడు, లీగ్ టైటిల్ గెలిచాడు. ఆ తర్వాత గాయాలు, బెన్ఫికా, జెనోవా లోన్లు, కటానియా. 33 ఏళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది.

పెన్నా_తీరం:
ప్రతిభలో సువాజో పైవాడే, ఒప్పుకుంటాను. దేశం కోసం ఎక్కువకాలం నిలబడింది మాత్రం ఫిగెరోవా. 180కి పైగా మ్యాచ్‌లు ఆడాడు, అది జాతీయ రికార్డు. పలాసియోస్ ఈ ఇద్దరి మధ్యలో వస్తాడు. కానీ ప్రపంచంలో ఎక్కువమంది చూసే లీగ్‌లో, నాలుగో స్థానం కోసం కొట్లాడే జట్టు మధ్యలో నిలబడిన మొదటి హోండురస్ వ్యక్తి అతనే. ఫార్వర్డ్‌కి ఒక మంచి క్షణం దొరికితే చాలు, పేరు వస్తుంది. మధ్యలో బాల్ లాక్కునేవాడు తొంభై నిమిషాలూ పని చేయాలి. పైగా ఆ పని స్కోరుబోర్డు మీద ఎక్కడా కనపడదు. నా ఓటు అందుకే అతనికి.

హ్యూస్టన్_వాసు:
మీ ఓటు మీది, నా ఓటు నాది. సువాజో మీద విడిగా చర్చ పెడతాను, అక్కడ కొట్లాడుకుందాం.

కొత్త_అభిమాని:
అతని ఆట అర్థం కావాలంటే ఏ మ్యాచ్ చూడమంటారు? ఒకటే చెప్పండి. హైలైట్స్ కాదు, పూర్తి మ్యాచ్.

లిల్లీవైట్_రాఘవ:
2011 ఫిబ్రవరి 15, సాన్ సిరో, ఏసీ మిలాన్ మీద ఛాంపియన్స్ లీగ్ ప్రీక్వార్టర్స్ మొదటి లెగ్ (రెండు మ్యాచ్‌లలో మొదటిది).

అప్పటికే అతను మా మొదటి ఎంపిక కాదు. బేల్ గాయంతో లేడు. మోడ్రిచ్ అప్పుడే కోలుకుని బెంచీ మీద ఉన్నాడు. రెడ్‌నాప్ మధ్యలో పలాసియోస్‌నీ, సాండ్రోనీ పెట్టాడు. తన స్థానానికి పోటీగా వచ్చిన కుర్రవాడి పక్కనే నిలబడి ఆడాడన్నమాట. ఎదురుగా ఇబ్రహిమోవిచ్, రొబీన్యో, సీడార్ఫ్, గత్తుసో.

చూసేటప్పుడు బాల్ వెంట కళ్లు పెట్టొద్దు. మిలాన్‌వాళ్లు మధ్యలో బాల్ అందుకునే ప్రతిసారీ పలాసియోస్ ఎక్కడున్నాడో చూడు. సాండ్రో ముందుకి దూకితే తను వెనక ఆగుతాడు. కుడి బ్యాక్ చోర్లుకా ఫ్లమీనీ ట్యాకిల్‌కి గాయపడి బయటికి వెళ్లినప్పుడు మా వరుస చెదిరిపోవాలి, కానీ పెద్దగా చెదరలేదు. మొదటి సగంలో మిలాన్‌వాళ్లకి మా బాక్స్ ముందు ఖాళీ దొరక్క పక్కలకి తిప్పుతూ ఉంటారు. అరవై నిమిషాలు దాటాక వాన్ డెర్ వార్ట్ స్థానంలో మోడ్రిచ్ వస్తాడు. 80వ నిమిషంలో లెనన్ సగం మైదానం పరిగెత్తి ఇచ్చిన పాస్‌కి క్రౌచ్ గోల్. 1-0. మా సొంత మైదానం వైట్ హార్ట్ లేన్‌లో రెండో లెగ్ 0-0, క్వార్టర్స్‌కి వెళ్లాం. ఈ మొదటి లెగ్ చివర్లో ఇబ్రహిమోవిచ్ గోల్‌ని రెఫరీ రద్దు చేసినప్పుడు మా అందరి గుండెలూ ఆగినంత పనైంది.

గోల్ క్లిప్‌లో పలాసియోస్ కనపడడు. అందుకే పూర్తి మ్యాచ్ చూడమంటున్నాను.

కొత్త_అభిమాని:
ఈ శనివారం రాత్రి చూస్తాను అన్నా. చూసి ఇక్కడే రాస్తాను.